కారుంటే తప్ప గడవని ఊళ్లు

అమెరికా వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లని ఎలా ఉందని అడిగి చూడండి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో అలాంటి మనిషి కోసం వెతకక్కర్లేదు, ప్రతి అపార్టుమెంటులో ఇద్దరుంటారు. రోడ్డు మీద ఒక్క గుంట కనపడలేదంటారు, దుమ్ము లేదంటారు, అబ్బాయి ఇల్లు ఎంత పెద్దదో చెబుతారు. కాసేపయ్యాక గొంతు తగ్గించి అసలు సంగతి బయటపెడతారు. "ఇల్లు కదలడానికి లేదమ్మా. శని, ఆదివారాలు వాడికి తీరిక దొరికితేనే మాకు బయటి గాలి."

మా నాన్నగారికీ అదే అయింది. గుంటూరు బ్రాడీపేటలో ఆయన రోజంతా కాళ్ల మీదే గడుస్తుంది. పాలు, పేపరు, గుడి, మందుల షాపు, సాయంత్రం స్నేహితులతో కబుర్లు. ఎవరినీ "కాస్త బండి మీద దింపుతావా" అని అడిగే మనిషి కాదు. డాలస్ శివార్లలో తమ్ముడి ఇంటికి వెళ్లాక కరివేపాకు కావాలన్నా ఎవరో ఒకరు కారు తియ్యాల్సి వచ్చింది. ఇళ్లన్నీ ఒక చోట, కొట్లన్నీ ఇంకో చోట, మధ్యలో ఆరు వరసల రోడ్డు. పోనీ నడుద్దామంటే ఫుట్‌పాత్ కొంత దూరం వచ్చి ఆగిపోతుంది. బస్సు సంగతి అడిగితే తమ్ముడు నవ్వాడు. ఆరోగ్యం బాగానే ఉంది, జేబులో డబ్బుంది, ఇంగ్లీషు వచ్చు. డ్రైవింగ్ ఒక్కటే రాదు. దానితో ఆయన రోజు మొత్తం ఇంకొకరి చేతిలోకి వెళ్లిపోయింది.

కారు గురించి, పెట్రోలు గురించి మనం చేసే వాదనల్లో ఈ ముక్క ఎప్పుడూ రాదు. ఎన్ని కార్లున్నాయి, లీటరు ఎంత, మైలేజి ఎంత, ఇవే మాట్లాడుకుంటాం. కారు ఉండటంతో నాకు పేచీ లేదు, మా ఇంట్లోనూ ఒకటుంది. నా పేచీ అంతా కారు లేకపోతే పూట గడవని ఊరు కట్టుకోవడంతో. అమెరికా వాళ్లు ముందు కార్లు కొన్నారు, ఆ తర్వాత అలాంటి ఊళ్లు కట్టుకున్నారు. మనం కార్లు ఇంకా చేతికి రాకుండానే అలాంటి ఊళ్లు కట్టేస్తున్నాం. విజయవాడకీ గుంటూరుకీ మధ్య, బ్యాంకు లోను మీద.

ఒక లెక్క చూడండి. అమెరికాలో కారు లేని ఇళ్లు నూటికి 8 దాకా ఉంటాయి. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కారు ఉన్న ఇళ్లు నూటికి 8 లోపే. ఆ సర్వేలోనే స్కూటరో మోటార్ సైకిలో ఉన్న ఇళ్లు దాదాపు సగం. కాబట్టి మన పెట్రోలు కథలో కారుది చిన్న వేషం, హీరో టూవీలరే. 2014లో పెట్రోలియం శాఖ తరఫున చేసిన సర్వేలో దేశంలో అమ్ముడయ్యే పెట్రోల్లో 60 శాతానికి పైగా టూవీలర్లే తాగుతున్నాయని తేలింది. ఈ సంగతి పక్కన పెట్టి "కార్లవాళ్లు పెట్రోలంతా తగలేస్తున్నారు" అని తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

అమెరికావాళ్లకి డబ్బుంది, చమురుంది, అందుకని కార్లెక్కారు అని తేలిగ్గా అనేస్తాం. అది సగమే నిజం. లాస్ ఏంజెలస్ చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ కలుపుతూ ఒకప్పుడు కరెంటు రైళ్లు తిరిగేవి. 1960ల మొదటికి అవి ఒక్కటి కూడా మిగల్లేదు. 1956లో హైవేల చట్టం వచ్చింది, ఆ రోడ్ల ఖర్చులో 90 శాతం కేంద్ర ప్రభుత్వమే భరించింది. ఇళ్లున్న చోట కిరాణా కొట్టు పెట్టకూడదని స్థానిక ప్రభుత్వాలు రూల్స్ రాశాయి. కొట్టు కట్టేవాడు ఇన్ని కార్లకి జాగా వదలాల్సిందేనని ఇంకో రూలు. జాగా వదిలేసరికి కొట్టు ఇంకా దూరం జరిగింది, దూరం జరిగేసరికి కారు తప్పనిసరి అయింది, కార్లు పెరిగేసరికి మళ్లీ జాగా చాలలేదు. అదే దేశంలో న్యూయార్క్ నగరంలో సగానికి పైగా ఇళ్లకి కారు లేదు. అక్కడివాళ్లు బీదవాళ్లేం కాదు, సన్యాసులు అంతకన్నా కాదు. కాళ్ల కింద సబ్‌వే ఉంది, అంతే.

జపాన్ సంగతి నాకు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడ సుమారుగా ఇద్దరు మనుషులకి ఒక కారుంది. ప్రపంచానికి కార్లు అమ్మే దేశం కూడా. అయినా టోక్యోలో సగానికి పైగా ఇళ్లు కారు లేకుండానే బతుకుతున్నాయి. రైళ్లు పలచగా ఉండే ఫుకుయి లాంటి చోట్ల మాత్రం ఇంటికి ఒకటిన్నర పైనే. ఒకే దేశం, ఒకే పెట్రోలు రేటు, ఒకే రకం మనుషులు. తేడా అంతా ఇంటి దగ్గర స్టేషన్ ఉందా లేదా అన్నదే. ఇంకో సంగతి, 1962లో వాళ్లు ఒక చట్టం చేశారు. కారు పెట్టుకోవడానికి సొంత జాగా చూపించాలి. రాత్రంతా రోడ్డు మీద వదిలేస్తే కుదరదు. జాగా ఉన్నట్టు పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే రిజిస్ట్రేషన్. ఆ రూలు మన దగ్గర పెడితే గుంటూరు లక్ష్మీపురంలో సగం కార్లు షోరూమ్‌కి తిరిగెళ్లిపోతాయి. సింగపూర్ ఇంకో మెట్టు పైకెళ్లింది. 1990 నుంచి అక్కడ కారు కొనాలంటే ముందు పదేళ్ల అనుమతి పత్రం వేలంలో పాడుకోవాలి. 2023లో ఆ పత్రం ఒక్కటే లక్ష సింగపూర్ డాలర్లు దాటింది, కారు ధర వేరే. మనకి అంత మోటు పద్ధతి అక్కర్లేదు కానీ, ప్రభుత్వం ఒక మాట అనుకుంటే ఏ మేరకు వెళ్లగలదో తెలుస్తుంది.

ఇక రేటు. 2025లో అమెరికాలో గాలన్ పెట్రోలు సగటున మూడు డాలర్ల పైచిలుకు. గాలన్ అంటే మూడు ముప్పావు లీటర్లు. రూపాయల్లోకి మారిస్తే లీటరు 70 దాటి కొంచెం. అదే ఏడాది విజయవాడలో 110కి కాస్త అటూ ఇటూ. డాలర్లు సంపాదించేవాళ్లు మన కంటే తక్కువకి కొంటున్నారన్నమాట. అక్కడ కేంద్ర చట్టం ప్రకారం గంటకి కనీస కూలి 7.25 డాలర్లు, 2009 నుంచి పెరగలేదు. ఆ కనీస కూలి మనిషి కూడా ఆ రేటుకి గంట పనికి ఎనిమిది లీటర్ల పైన కొట్టించుకోవచ్చు. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో రోజుకి ఐదొందలు తీసుకునే కుర్రాడు పొద్దస్తమానం నిలబడితే వచ్చేది నాలుగున్నర లీటర్లు. అందుకే మన బంకుల్లో "ఫుల్ ట్యాంక్" అనేవాళ్లు తక్కువ, "వందకి కొట్టు" అనేవాళ్లు ఎక్కువ. వందకి లీటరు కూడా రాదు. జీరో చూసుకోమని బంకు కుర్రాడు అరుస్తాడు, మనం జీరో చూసి తలెత్తేలోపే అయిపోతుంది.

రేటు మీద గొడవ కొత్తది కాదు. 1973 నవంబరులో వాజపేయి ఎడ్లబండెక్కి పార్లమెంటుకి వెళ్లారు. 2010 జూన్‌లో పెట్రోలు రేటు మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది, 2014 అక్టోబరులో డీజిలు మీద. 2017 జూన్ నుంచి ఏ రోజు రేటు ఆ రోజుది. (కాగితం మీద. ఎన్నికలు దగ్గరపడితే ఆ రోజువారీ రేటుకి ఎందుకో నిద్ర ముంచుకొస్తుంది.) ఆంధ్రాలో 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయలు, ఆ పైన రోడ్ల కోసమని ఇంకో రూపాయి. కేంద్రం ఎక్సైజు సరేసరి. చిత్తూరు, అనంతపురం వైపు సరిహద్దు ఊళ్లవాళ్లు తమిళనాడులోనో కర్ణాటకలోనో కొట్టించుకుంటారు. కాకినాడ వాళ్లకి యానాం ఉంది. నడిమధ్యన ఉన్న మనకే ఏ దారీ లేదు.

ఈ పన్ను దించాలని నేను అనను, ఇది చదివేవాళ్లలో చాలామందికి నచ్చదని తెలిసీ అంటున్నాను. అమెరికాలో గాలన్ మీద కేంద్ర పన్ను 18.4 సెంట్లు, 1993 నుంచి అంతే. పెంచే ధైర్యం ఏ పార్టీకీ లేదు, ఎందుకంటే కారు లేకుండా జనం కదల్లేరు. అంటే ఊరి కట్టుబాటే రాజకీయాన్ని కూడా కట్టిపడేసింది. మన దగ్గర ఇబ్బంది వేరు. పెట్రోలుకి అలవాటుపడింది మనమే కాదు, మన ఖజానా కూడా. జీఎస్టీ వచ్చి ఇన్నేళ్లయినా పెట్రోలుని అందులోకి తేవడానికి ఏ రాష్ట్రానికీ మనసొప్పదు. ఆ డబ్బు ఎక్కడికి పోతోందన్నది నా ప్రశ్న. బండి మీద వెళ్లేవాడి దగ్గర వసూలు చేసిన సొమ్ములో కొంతైనా బండి అక్కర్లేని ఏర్పాటుకి పోతే పన్ను న్యాయంగా ఉంటుంది. పోకపోతే బట్టల షాపు కుర్రాడి నెత్తిన బాదుడే.

పెట్రోలు రాకపోతే ఏమవుతుందో చూడటానికి పెద్ద దూరం పోనక్కర్లేదు. 2022లో శ్రీలంక దగ్గర డాలర్లు అయిపోయాయి. బంకుల ముందు రోజుల తరబడి లైన్లు. ఆ జులైలో ఫోన్లో క్యూఆర్ కోడ్ చూపిస్తేనే పెట్రోలు అన్నారు. వారానికి బైకుకి 4 లీటర్లు, ఆటోకి 5, కారుకి 20. ఆటోకి వారానికి 5 లీటర్లంటే బెంజ్ సర్కిల్ దగ్గర షేర్ ఆటో తిప్పే మనిషిని అడగండి ఎన్ని పూటలు వస్తుందో. 2015లో నేపాల్ సరిహద్దులో ట్యాంకర్లు ఆగిపోతే ఆ దేశం నెలల తరబడి అల్లాడింది. ఆ దెబ్బ వాళ్లు మర్చిపోలేదు. నదుల మీద కరెంటు తీస్తున్నారు, ఇప్పుడు అక్కడికి దిగుమతయ్యే కొత్త కార్లలో సగానికి పైగా కరెంటువే.

మనం వాడే ముడి చమురులో నూటికి 85కి పైగా బయట నుంచి వస్తోంది. ఇందులో ఒక వింత ఉంది. చమురు, గ్యాసు వెతికేవాళ్లందరికీ మన నదుల పేర్లు తెలుసు, కృష్ణా గోదావరి బేసిన్ అంటే. 2024 జనవరిలో కాకినాడకి ఎదురుగా లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ చమురు తీయడం మొదలుపెట్టింది కూడా. అయినా విశాఖ రిఫైనరీ నుంచి పైపులైన్లో విజయవాడకి వచ్చే పెట్రోలుకి మూలం చాలావరకు పరదేశపు చమురే.

నెదర్లాండ్స్ పేరెత్తగానే "వాళ్లది సైకిళ్ల దేశం, మనతో పోలికేంటి" అంటారు. వాళ్లేం సైకిలు మీద పుట్టలేదు. 1960ల్లో వాళ్లూ కార్ల కోసం కాలవలు పూడ్చి రోడ్లు వేసుకున్నారు. 1971 ఒక్క ఏడాదిలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలు వందల్లో ఉన్నారు. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఈలోగా 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి, నవంబరు నుంచి కొన్ని ఆదివారాలు ఊళ్లలో కార్లు తిప్పొద్దన్నారు. ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనం ఒకసారి చూశారు. ఆ తర్వాత పనులన్నీ మెల్లగా, గొడవలతో, కొట్లవాళ్ల వ్యతిరేకతతోనే జరిగాయి.

కరెంటు బండ్లు వస్తున్నాయి కదా, ఇక పెట్రోలు గోల ఎందుకు అంటారా? నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి 89 కరెంటువి. ఉత్తర సముద్రంలో చమురు తీసి అమ్ముకునే దేశం అది. తన సరుకు తాను తాగదు. పెట్రోలు కార్ల మీద ఏళ్ల తరబడి పన్నులు దంచి, కరెంటు కార్లకి మాఫీ చేసింది. అక్కడ కరెంటు దాదాపు అంతా నీటి నుంచే. మన స్కూటర్‌కి కరెంటు ఇబ్రహీంపట్నంలో మండించే బొగ్గు నుంచి. 2022 ఏప్రిల్లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయిన సంగతి ఇక్కడివాళ్లెవరూ మర్చిపోయి ఉండరు. అయినా కరెంటు బండి మంచిదేనంటాను. కాకపోతే అది పెట్రోలు సమస్యని తీరుస్తుంది, దూరం సమస్యని తీర్చదు. డాలస్‌లో తమ్ముడి కారు కరెంటుదైనా మా నాన్నగారు ఆ ఇంట్లోనే కూర్చోవాలి.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. ఆ మధ్య మా పెదనాన్నగారి అబ్బాయి ఫ్లాటు కొంటానంటే కుంచనపల్లి నుంచి కాజ దాకా, అట్నుంచి నంబూరు దాకా తిరిగాం. ఏ బోర్డు చూసినా విజయవాడకి ఇన్ని నిమిషాలు, గుంటూరుకి ఇన్ని నిమిషాలు అని రాసి ఉంది. ఆ నిమిషాలన్నీ కారు నిమిషాలే. క్లబ్‌హౌస్ ఉంది, స్విమ్మింగ్ పూల్ ఉంది, ఫ్లాటుకి రెండు కారు పార్కింగులు. కూరగాయల కొట్టు లేదు. బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగితే బ్రోకరు నన్ను జాలిగా చూసి "మీకు కారుంది కదా మేడమ్" అన్నాడు. సరే, మరి మీ పనిమనుషులు? వాచ్‌మన్ పెళ్లాం? కాలేజీకెళ్లే పిల్ల? హైవే అవతలి వైపు బస్సెక్కాలంటే ఆరు వరసల రోడ్డు దాటాలి. నాకు వెంటనే డాలస్ గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే అక్కడ కనీసం సిగ్నల్ ఉంది.

ఇంట్లో ఒక్కరికే కారుంటే మిగతావాళ్లందరికీ బండి కావాలి. అబ్బాయికి పద్దెనిమిది నిండకముందే స్కూటర్ తాళం చేతికొస్తుంది, ఎందుకంటే ట్యూషన్‌కి ఇంకో దారి లేదు. గుంటూరు నుంచి విజయవాడకి రానూపోనూ డెబ్బై కిలోమీటర్ల దాకా అవుతుంది. లీటరుకి యాభై ఇచ్చే బండైనా రోజుకి నూట యాభై పెట్రోలుకే. నెలకి పాతిక రోజులు తిరిగితే నాలుగు వేలు దగ్గర పడుతుంది. ఫ్లాటు చవగ్గా వచ్చిందని సంబరపడేవాళ్లు ఈ ఖర్చుని ఈఎంఐలో కలుపుకోరు.

మన పాత పేటలు ఇలా లేవు. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో, సత్యనారాయణపురంలో, వన్ టౌన్‌లో ఇల్లు, కొట్టు, బడి, డాక్టరు, టిఫిన్ సెంటర్ అన్నీ కలిసే ఉంటాయి. ఇరుకు, మురుగు, పార్కింగ్ గొడవలు, అన్నీ నిజమే. కానీ డెబ్బై ఏళ్ల మనిషి ఎవరినీ అడక్కుండా తన రోజు తాను గడుపుకోగలడు. ఈ పేటల్లోంచి జనం ఖాళీ చేసి హైవే పక్కకి పోవడాన్నే మనం అభివృద్ధి అంటున్నాం.

ఎండ మాట తప్పకుండా వస్తుంది. మే నెలలో బెజవాడలో 45 డిగ్రీల్లో నడవమని చెప్పడానికి నాకేమైనా మతిపోయిందా అని. నిజమే, ఆమ్‌స్టర్‌డామ్ ఎండ వేరు. అయితే ఆ ఎండలో బస్టాపుకి నీడ లేకుండా చేసింది ఎవరు? రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా చెట్లు కొట్టి, ఆ నీడ కోసమే ఏసీ కారు కొనుక్కునే పద్ధతి మనది. ఇంకో మాట, స్కూటర్ ఆడపిల్లలకి ఎంత స్వేచ్ఛ ఇచ్చిందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు, నా మొదటి ఉద్యోగం బండి వల్లే సాధ్యమైంది. ఆ స్వేచ్ఛకి పెట్రోలు, లైసెన్సు, బండి కొనే డబ్బు అక్కర్లేకుండా ఉంటే ఇంకెంతమందికి దొరికేదో 2025 ఆగస్టు 15 తర్వాత చూశాం. స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకి బస్సు ఉచితం అయ్యాక బస్సులు ఎలా కిక్కిరిశాయో చూస్తే, ఇన్నాళ్లూ ఎంతమంది ఇళ్లలో ఆగిపోయారో అర్థమవుతుంది. కిక్కిరిసిందని విసుక్కునేవాళ్లు ఇంకో బస్సు వెయ్యమని అడగాలి గానీ పథకాన్ని తిట్టడం ఎందుకు? ఆటోనగర్ ఏమైపోవాలి అని కూడా ఒక మిత్రుడు అడిగాడు. లారీలకి బాడీలు కట్టే చేతులే బస్సులకీ కడతాయి. అక్కడ పని కరువయ్యే ప్రమాదమేమీ నాకు కనపడలేదు.

మెట్రో మీద నాకు పెద్ద ఆశలు లేవు. విజయవాడ మెట్రో మాట పదేళ్ల పైగా వింటున్నాం. 2024 డిసెంబరులో రాష్ట్రం ఆమోదించిన మొదటి దశ 38.4 కిలోమీటర్లు. బస్టాండు నుంచి ఒకటి గన్నవరానికి, ఒకటి పెనమలూరుకి. గుంటూరు వైపు రాదు. బస్సుల కోసమని విజయవాడలో వేసిన బీఆర్టీఎస్ రోడ్డు గతి చూసినవాళ్లకి పెద్ద పేర్ల మీద నమ్మకం ఎలా ఉంటుంది?

నాకు కావలసినవి చిన్నవి. గుంటూరు, విజయవాడ మధ్య రైలు పట్టాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, మంగళగిరి మీదుగా ఒక దారి, తెనాలి మీదుగా ఇంకో దారి. పొద్దున, సాయంత్రం ఆ రైళ్లలో సీజన్ టికెట్ల జనం ఎలా వేళ్లాడుతున్నారో నేను రోజూ చూస్తూనే ఉన్నాను. అరగంటకొక లోకల్ వెయ్యడానికి కొత్త ఊరేమీ కట్టక్కర్లేదు. పొద్దుటి ఎక్స్‌ప్రెస్ తప్పితే మళ్లీ గంటన్నర ఆగాలి కాబట్టే మా ఆఫీసులో సగం మంది బండ్ల మీద వస్తున్నారు. హైవే పక్కన లేఅవుటుకి అనుమతి ఇచ్చే ముందు నీళ్లు, డ్రైనేజీ, రోడ్డు వెడల్పు చూస్తారు. ఇన్ని వందల ఫ్లాట్లకి ఒక బస్సు మలుపు, రోడ్డు దాటడానికి ఒక వంతెన బిల్డరే కట్టాలని అదే కాగితంలో ఇంకో గీత రాయొచ్చు. ఇక లీటరు మీద రోడ్ల పేరున తీసుకుంటున్న ఆ రూపాయిలో పావలా సిటీ బస్సులకి ఇవ్వమంటాను. బండి మీద వెళ్లేవాళ్లం అందరం ఇప్పటికే కడుతున్నాం, కొత్తగా ఎవరి జేబులోంచీ తియ్యక్కర్లేదు.